మూడు నెలల ఇల్లు

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మిడ్‌వెస్ట్‌లో ఓ యూనివర్సిటీ ఊళ్లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను కాబట్టి, ఎవరో ఒకరి దగ్గర నంబరు పట్టుకుని పిల్లలు అడుగుతూనే ఉంటారు. నిరుడు ఖమ్మం కుర్రాడొకడు చేశాడు. "అక్కా, మే 10కి గది ఖాళీ చెయ్యమన్నారు. కొత్త లీజు ఆగస్టులో. మధ్యలో ఎక్కడుండాలో తెలియట్లేదు. నెలకి నాలుగొందల్లో ఏదైనా దొరుకుతుందా?" నాలుగొందల సంగతి తర్వాత చూద్దాం, ముందు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకో అన్నాను. పాత గది ఎప్పుడు వదలాలి, వేసవి పని ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది, కొత్త ఇంటి తాళం ఏ రోజు ఇస్తారు? నాలుగు తేదీలు. వేసవి అద్దె చాలావరకు వీటి మీదే నడుస్తుంది.

అమెరికాలో చదువుల ఏడాది అంటే నిజానికి తొమ్మిది నెలలు. చాలా యూనివర్సిటీల్లో ఆగస్టు చివర మొదలై మే మొదట్లో అయిపోతుంది. హాస్టలు గది, ఇక్కడి మాటలో డార్మ్, ఆ తొమ్మిది నెలలకే ఇస్తారు. ఆఖరి పరీక్ష రాసిన మర్నాటికల్లా గది వదలాలనేది చాలాచోట్ల ఉన్న షరతే. బయటి అపార్ట్‌మెంటు మాత్రం సాధారణంగా పన్నెండు నెలలకు తక్కువ ఇవ్వరు. వేసవిలో ఊరు ఖాళీ అవుతుందని ఇంటి ఓనరుకు తెలుసు. ఆ ఖాళీ నెలల నష్టం తన మీద పడకూడదని పన్నెండు నెలలకూ సంతకం పెట్టించుకుంటాడు. అలా ఆ నష్టం సంతకం పెట్టిన విద్యార్థి నెత్తికెక్కుతుంది. అతను ఎంతో కొంత దింపుకోవాలని ఇంకో విద్యార్థికి తక్కువకు ఇస్తాడు. కాలేజీ ఊళ్లో వేసవి ఇల్లు చవగ్గా దొరికితే, ఆ తగ్గిన డబ్బు ఓనరు జేబులోంచి రాలేదని, ఇంకో పిల్లవాడి జేబులోంచి వచ్చిందని గుర్తుంచుకోవాలి. ఈ ఏర్పాటులోని మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే పుడుతున్నాయి.

సొంత రాష్ట్రం పిల్లలకు ఈ బాధ అంతగా ఉండదు. మే రాగానే నాన్న వ్యాన్ తెచ్చి సామాన్లతో సహా ఇంటికి తీసుకుపోతాడు. ఎటూ పోలేనిది పరాయి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో వాళ్లు స్థానికుల కన్నా ఎక్కువ ఫీజు కడతారు. వీసా మీద వచ్చిన మన పిల్లలు కట్టేదీ ఎక్కువగా ఆ లెక్కనే. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటింది అప్పుడే. వాళ్లలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో డాలస్ చుట్టుపక్కల, మిస్సోరీ చిన్న ఊళ్లలో ఏ ఇండియన్ స్టోర్‌లో నిలబడినా తెలిసిపోతుంది. వీళ్లు కాక న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో పెరిగి, ఇండియానాకో జార్జియాకో చదువుకు పోయిన మన ఇళ్ల పిల్లలున్నారు. వాళ్లదీ ఇదే తంటా.

వేసవిలో ఇంటికి ఎందుకు రారు అని ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు అడుగుతారు. విమానం టికెట్టు ఒక్కటే కారణం కాదు. కొందరికి ల్యాబ్‌లో పని ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడిచే నెలల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. సెలవుల్లో పూర్తిసమయం చెయ్యొచ్చు. కాబట్టి నాలుగు డబ్బులు కూడబెట్టుకునే అవకాశం వేసవిలోనే. కొందరు సమ్మర్ క్లాసులు తీసుకుని చదువు ముందే ముగిస్తారు. కొందరికి ఇంటర్న్‌షిప్. ఇంకో కారణం అమెరికన్ పిల్లల్లో బాగా కనిపిస్తుంది: స్థానికులుగా గుర్తింపు తెచ్చుకుని ఫీజు తగ్గించుకోవడం. మిస్సోరీ యూనివర్సిటీలో చేరిన పరాయి రాష్ట్రం విద్యార్థి ఏడాదిపాటు ఆ రాష్ట్రంలోనే ఉండి, 2,000 డాలర్లకు తగ్గకుండా అక్కడే సంపాదించి, తల్లిదండ్రుల పన్ను కాగితాల్లోంచి బయటకు వస్తే, రెండో ఏడాది నుంచి స్థానిక ఫీజుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకని ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబియాలో వేసవంతా గది పట్టుకుని ఉండేవాళ్లు చాలామంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు సాధారణంగా ఈ దారి లేదు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా ఇచ్చే హెచ్-4 మీద పెరిగి 21 ఏళ్లు నిండగానే విద్యార్థి వీసాకు మారాల్సి వచ్చిన మన పిల్లలు కొన్ని రాష్ట్రాల్లో ఒక్కసారిగా పరాయివాళ్లై ఎక్కువ ఫీజు కడుతున్నారు. అది వేరే వ్యాసం. కానీ వాళ్ల వేసవి అద్దె లెక్క కూడా దానితో ముడిపడినదే.

అందరికీ ముందు తట్టేది యూనివర్సిటీ డార్మే. చాలా క్యాంపస్‌లలో వేసవికి ఒకటి రెండు భవనాలు తెరిచి ఉంచుతారు. వాటికి వేరే ఒప్పందం, వేరే రేటు, కొన్నిచోట్ల వారాల లెక్కన. సమ్మర్ క్లాసులో చేరినవాళ్లకో క్యాంపస్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లకో మాత్రమే ఇస్తామనే చోట్లూ ఉన్నాయి. మిగతా భవనాలు క్రీడా శిబిరాలకూ సమావేశాలకూ పోతాయి. వంటగది ఉండదు కాబట్టి తిండి ఖర్చు విడిగా పడుతుంది. అయినా మొదటి వేసవికి, ఊరు తెలియని పిల్లకు, రెండు మూడు వారాల కోసం డార్మే మంచిదంటాను. సంతకం యూనివర్సిటీతో. మోసం లేదు, మంచం ఉంది, కరెంటు బిల్లు లేదు. వేసవంతా ఉండాలంటే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అసలు బజారు సబ్‌లీజుది, అంటే లీజు ఉన్నవాళ్లు తమ గదిని ఇంకొకరికి అద్దెకివ్వడం. అది ఎలా కదులుతుందో ఒక లెక్కతో చెబుతాను, అంకెలు ఉదాహరణకే. నలుగురుండే ఇంట్లో ఒకరి వాటా నెలకు 700 డాలర్లు అనుకుందాం. మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఆ అబ్బాయి ఊళ్లో ఉండడు, అయినా 2,100 కట్టాలి. ఏప్రిల్ మొదట్లో 600కి ఇస్తానంటాడు. ఎవరూ రారు, ఎందుకంటే అదే వీధిలో ఇంకో ముప్పై మంది అదే మాట అంటున్నారు. మే ఒకటో తారీఖుకు 450 అంటాడు. సామాన్లు అట్టపెట్టెల్లోకి ఎక్కించే వారంలో 350 ఇచ్చినా చాలంటాడు. అప్పుడు కూడా అతనికి 1,050 డాలర్లు పోయినట్టే, కానీ మొత్తం పోలేదు. బేరం చెయ్యడానికి మొహమాటపడకండి అని పిల్లలకు చెప్పేది ఇందుకే. చేపల బజారులో గీసి గీసి బేరమాడే అమ్మల కడుపున పుట్టినవాళ్లు ఇక్కడ అడిగినంతా ఇచ్చేస్తుంటే నాకు మనసొప్పదు. అద్దె తగ్గించకపోతే కరెంటు, ఇంటర్నెట్ నువ్వే కట్టమనొచ్చు. మంచం, బల్ల వదిలి వెళ్లమనొచ్చు. ఆగస్టు మొదటి వారం అదనంగా ఉండనివ్వమనొచ్చు. మరీ ఆఖరి రోజు దాకా ఆగితే మాత్రం ధర దిగినా మంచి గది మిగలదు. మామూలు కాలేజీ ఊళ్లో ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా ఉన్న మూడు వారాలే సరైన అదను.

ఈ కాలపట్టిక ఊరూరికీ మారుతుంది. ఆన్ ఆర్బర్‌లో లీజులు ఎక్కువగా ఆగస్టు చివర మారతాయి కాబట్టి వేసవి గదులకు కొదవుండదు. బర్క్‌లీలో చాలా లీజులు జూన్‌లోనే మొదలవుతాయి. అంటే చదువు ఆగస్టులో మొదలయ్యే విద్యార్థి, ఉండని ఇంటికి జూన్ నుంచే కడుతూ ఉంటాడు. ఆ గది ఎవరికైనా ఇవ్వాలని మే నుంచే వెతుకుతాడు. బోస్టన్‌లో లెక్కలేనన్ని లీజులు సెప్టెంబరు 1న మారతాయి. ఆ రోజు అక్కడి ఆల్‌స్టన్ పేట వీధుల్లో వదిలేసిన సోఫాలూ బల్లలూ చూసి దానికి ఆల్‌స్టన్ క్రిస్మస్ అని పేరే పెట్టారు. ఆగస్టు నెలాఖరు దాకా గది కావాలనుకునేవాళ్లకు బోస్టన్ అందుకే బాగా కుదురుతుంది.

సెమిస్టరు, క్వార్టరు తేడా ఇంకా ముఖ్యం. సెమిస్టరు బడులు మే మధ్యలోపు ముగుస్తాయి. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, స్టాన్‌ఫర్డ్, లాస్ ఏంజెలెస్ కాలిఫోర్నియా యూనివర్సిటీ క్వార్టర్ల లెక్కన నడుస్తాయి, జూన్ మధ్య దాకా క్లాసులుంటాయి. ఇంటర్న్‌షిప్ మే చివరలో మొదలైతే అప్పటికి అక్కడి విద్యార్థులు ఇంకా గదుల్లోనే ఉంటారు. ఆ మూడు వారాలకు వేరే చోటు చూసుకోక తప్పదు. బర్క్‌లీ సెమిస్టరు బడి కాబట్టి అక్కడి గదులు ముందే ఖాళీ అవుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనికి బర్క్‌లీ నుంచి బార్ట్ రైల్లో పోవడం అందుకే చాలామందికి లాభించింది. సియాటిల్‌లో పని దొరికిన తెనాలి పిల్ల ఒకతి ఈ సంగతి తెలియక రెండు వారాలు హోటల్లో ఉంది. నెల జీతంలో పెద్ద ముక్క అక్కడే పోయింది.

ఇంటర్న్‌షిప్ ఊళ్లలో బజారు తలకిందులు. కాలేజీ ఊరు వేసవిలో ఖాళీ అవుతుంటే న్యూయార్క్, సియాటిల్, బే ఏరియా, వాషింగ్టన్ డీసీ నిండుతాయి. అక్కడ ఏప్రిల్ దాకా ఆగకూడదు, ఆఫర్ లెటర్ చేతికి రాగానే వెతకాలి. న్యూయార్క్ యూనివర్సిటీ లాంటివి, డీసీలో జార్జ్ వాషింగ్టన్ లాంటివి, తమ డార్మ్ గదులను వేసవిలో బయటి ఇంటర్న్‌లకు కూడా ఇస్తాయి. న్యూయార్క్‌లో 30 రోజుల లోపు ఇంటి అద్దె మీద 2023 సెప్టెంబరు నుంచి నగరం గట్టిగా పట్టు బిగించింది. ఇంటివాళ్లు లేని ఫ్లాటును పదిరోజులకు ఇస్తామని ఎవరైనా అంటే అనుమానించాలి. మంచి మార్పులూ వచ్చాయి. బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే ఫీజు వాళ్లే కట్టాలని న్యూయార్క్ నగరంలో 2025 జూన్ 11 నుంచి, మసాచుసెట్స్‌లో 2025 ఆగస్టు 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు బోస్టన్‌లో ఓనరు పెట్టుకున్న బ్రోకర్‌కు కూడా అద్దెకున్నవాళ్లే నెల అద్దెంత సమర్పించుకునేవారు.

డిపాజిట్ సంగతీ రాష్ట్రాన్ని బట్టే. మసాచుసెట్స్‌లో ఒక నెల అద్దెకు మించకూడదు. న్యూయార్క్‌లోనూ 2019 చట్టం ప్రకారం అంతే. న్యూయార్క్‌లో వెళ్లిపోయాక 14 రోజుల్లో తిరిగివ్వాలి. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి ఎక్కువమంది ఓనర్లకు ఒక నెలే పరిమితి, గడువు 21 రోజులు. మిస్సోరీలో రెండు నెలల దాకా తీసుకోవచ్చు. టెక్సాస్‌లో పరిమితి లేదు. 30 రోజుల్లో తిరిగివ్వాలి గానీ, మీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చాకే ఓనరు మీద ఆ బాధ్యత పడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక డిపాజిట్ వదులుకున్న మన పిల్లలు డాలస్‌లో, డెంటన్‌లో ఎందరో. ఇల్లు వదిలే రోజు ఒక కాగితం రాసి ఇస్తే సరిపోయే పని.

ఓనరు అనుమతి దగ్గరే ఈ సబ్‌లీజు బజారంతా గట్టిగానో గుల్లగానో తేలుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం ఓనరు ఒప్పుకోకుండా అద్దెకున్నవాళ్లు ఇంకొకరికి ఇవ్వకూడదు. షికాగోలో దీనికి పూర్తి విరుద్ధం: అద్దెదారు తెచ్చిన మనిషి సరైనవాడైతే ఓనరు ఒప్పుకుని తీరాలి, అందుకు అదనపు రుసుము కూడా తీసుకోకూడదు. న్యూయార్క్‌లో నాలుగు, అంతకన్నా ఎక్కువ వాటాలున్న భవనమైతే అద్దెదారు పద్ధతి ప్రకారం అడగాలి. సరైన కారణం లేకుండా ఓనరు కాదనకూడదు. 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మిగతా చాలాచోట్ల లీజు కాగితంలో ఏముంటే అదే చట్టం. అందుకని సబ్‌లీజు ఇచ్చేవాణ్ణి గది ఫొటోలు అడగడానికన్నా ముందు అసలు లీజులో సబ్‌లీజు సంగతి ఉన్న పేజీ చూపించమనాలి.

సబ్‌లీజుకీ లీజు బదిలీకీ తేడా తెలుసుకోవాలి. మనవాళ్లు రెండింటినీ టేకోవర్ అనేస్తారు. సబ్‌లీజులో మొదటి మనిషి పేరు అలాగే ఉంటుంది. మీరు కట్టకపోతే ఓనరు అతన్ని అడుగుతాడు, అతను కట్టకపోతే ఓనరు మిమ్మల్ని ఖాళీ చేయిస్తాడు. బదిలీలో మీరే అతని స్థానంలోకి వెళతారు. మూడు నెలలకు సబ్‌లీజే తేలిక. అమెరికాలో క్రెడిట్ చరిత్ర, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని కొత్త విద్యార్థికి ఓనరు నేరుగా ఇల్లివ్వడు, ఇచ్చినా ఎక్కువ డిపాజిట్ అడుగుతాడు. విద్యార్థి నుంచి విద్యార్థి తీసుకునే సబ్‌లీజులో ఆ గోడ లేదు. ఉన్నవాటిలో మన పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం, ఓనరు సంతకం ఉంటేనే.

సంతకం లేకపోతే ఏమవుతుందో నా మొదటి వేసవిలోనే చూశాను. సీనియర్ ఒకతను తన గది ఇచ్చాడు. మూడు నెలల అద్దె, 300 డాలర్ల డిపాజిట్ ముందే తీసుకున్నాడు. "ఆఫీసువాళ్లు ఏమీ అనరు చెల్లీ, అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు. జూలై రెండో వారంలో ల్యాబ్ నుంచి వచ్చేసరికి తలుపు మీద నీలం టేపుతో ఒక కాగితం అంటించి ఉంది. అతని పేరు, ఫ్లాటు నంబరు, కింద మూడు రోజుల గడువు. నేను కట్టిన డబ్బు అతను ఆఫీసుకు కట్టలేదు. ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్‌లో వెతికి, మర్యాదగానే, ఈ ఇంట్లో మీ పేరుతో ఎవరూ లేరండి అంది. చేతిలో తాళం చెవి ఉంది, అల్మారాలో నా బియ్యం డబ్బా ఉంది. అయినా ఆ ఇంట్లో నేను లేను. ఆ రాత్రి చేటంత సూట్‌కేసులో సామాన్లు కుక్కుతూ ఆ మాటే తలుచుకున్నాను. డిపాజిట్ తిరిగి రాలేదు. అతను అప్పటికే ఊరు మారాడు.

ఈ కథ మన పిల్లల మధ్య ఇంకా నడుస్తోంది, కాకపోతే ఎక్కువమందితో. ఒక బెడ్రూమ్ ఫ్లాటులో లీజు మీద ఇద్దరుంటారు, లోపల నలుగురైదుగురు. బెడ్రూమ్‌లో ఇద్దరు, హాల్లో పరుపులేసుకుని ఇద్దరు. హాలు వాటా తక్కువ, వంట వంతులవారీగా. కొత్తగా వచ్చినవాడికి అదే పెద్ద ఆసరా. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్లేదీ, మొదటి నెల డబ్బు అడగకుండా అన్నం పెట్టేదీ ఆ హాలువాళ్లే. దాన్ని నేను చిన్నచూపు చూడను. వేసవిలో అయితే లీజు మీదున్నవాళ్లు ఇంటర్న్‌షిప్‌కు పోతూ తమ చోట్లు వాట్సాప్ గ్రూపులో పెడతారు. "స్పాట్ ఖాళీ, వెజ్ ఓకే, యుటిలిటీస్ కలిపి" అని ఒక్క లైను. ఆ చోటుకు కాగితం ఉండదు. బెడ్రూముకు ఇద్దరు అనేది అమెరికా ప్రభుత్వ గృహశాఖ 1991 నుంచీ సాధారణంగా సమంజసమని చెబుతున్న కొలత. దానికి మించితే చాలా లీజుల్లో అది ఉల్లంఘనే. ఇన్‌స్పెక్షన్ వస్తుందని తెలిస్తే హాల్లో పరుపులు కార్లోకి మోసే పని గురించి ఏ తెలుగు విద్యార్థిని అడిగినా చెబుతాడు. పేరు చేర్పించడానికి ఆఫీసు చాలాసార్లు దరఖాస్తు రుసుము మాత్రమే అడుగుతుంది. దాన్ని నలుగురూ పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది ఒక పిజ్జా ఖరీదు. లీజు మీదున్నవాళ్లు బద్ధకించకుండా ఆ పని చెయ్యాలి. తర్వాత వచ్చేవాడు తమ తమ్ముడే అనుకుని చెయ్యాలి.

కన్సల్టెన్సీ గెస్ట్ హౌసుల గురించి ఒక్క మాట. చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు, ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీలు చాలా ఉచితంగానో తక్కువకో చోటిస్తాయి. ఏ కాగితం మీద సంతకం పెడితే ఆ చోటు వస్తోందో పూర్తిగా చదివాకే పెట్టె దింపాలి.

ఇక మనవాళ్లు దాదాపు చూడని దారి ఒకటుంది: విద్యార్థి కోఆపరేటివ్‌లు. 1930ల మాంద్యంలో అద్దె కట్టలేని విద్యార్థులు కలిసి ఇళ్లు నడుపుకోవడంతో మొదలయ్యాయి. బర్క్‌లీలోది 1933 నాటిది. ఇప్పుడు 1,200 మందికి పైగా విద్యార్థులు అందులో ఉంటున్నారు. ఆన్ ఆర్బర్‌లో, మాడిసన్‌లో, ఆస్టిన్‌లో కూడా ఉన్నాయి. ఓనరు ఉండడు, ఉండేవాళ్లే సభ్యులు. అద్దె తక్కువ, దానికి బదులు పని చెయ్యాలి. బర్క్‌లీలో వారానికి 5 గంటలు. ఆన్ ఆర్బర్‌లో ఒక ఇంటికి తెలిసినమ్మాయిని చూడ్డానికి వెళ్లాను. వంటింట్లో గోడకు పెద్ద కాగితం, దాని మీద గళ్లు: మంగళవారం గిన్నెలు, గురువారం రెండో అంతస్తు బాత్రూము, ఆదివారం కూరగాయల పెట్టెలు దింపడం. మన పెళ్లి వంటల్లో కనిపించేంత గుండిగలో చిక్కుళ్లు ఉడుకుతున్నాయి. ఆ వారం ఆమె వంతు వంట. ముప్పై మందికి పప్పు, అన్నం వండిందట, తాలింపుకు ఫైర్ అలారం మోగిందట, అయినా గిన్నె అడుగంటా నాకేశారని సంబరంగా చెప్పింది. వేసవిలో ఈ ఇళ్లలో సభ్యులు తగ్గుతారు కాబట్టి ఒప్పందాలు చవగ్గా వస్తాయి, కొత్తవాళ్లకు చోటూ తేలిగ్గా దొరుకుతుంది. శుభ్రత ఇంటింటికీ తేడా. చూసే చేరాలి. గొడ్డుమాంసం వండే వంటింట్లో ఉండలేమనేవాళ్లకు శాకాహార ఇళ్లు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి.

ఫ్రాటర్నిటీలనే విద్యార్థి సంఘాల ఇళ్లూ వేసవిలో బయటివాళ్లకు గదులిస్తాయి. చవకే, చదువుకునే వాతావరణం మాత్రం ఆశించొద్దు. బర్క్‌లీ, న్యూయార్క్, షికాగోలలో ఇంటర్నేషనల్ హౌస్‌లున్నాయి. పరాయి దేశం విద్యార్థులకు గదులు దొరకని కాలంలో, 1924లో న్యూయార్క్‌ది మొదట తెరిచారు. సెలవుల్లో ఊళ్లు తిరిగే ప్రొఫెసర్ల ఇళ్లు చూసుకునే పని కూడా దొరుకుతుంది. మొక్కలకు నీళ్లు పొయ్యాలి, పిల్లికి తిండి పెట్టాలి. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేసే ఆవిడను మార్చిలోనే పలకరించి పెట్టుకుంటే ఈ కబురు మొదట మీకే అందుతుంది.

అద్దె అంకె చూసి మురిసిపోయేముందు మిగతా ఖర్చులు కలపాలి. క్యాంపస్ బస్సులు వేసవిలో పలచబడతాయి, కొన్ని రూట్లు ఆగిపోతాయి. ఏప్రిల్‌లో పది నిమిషాలకో బస్సు చూసి రెండు మైళ్ల దూరంలో గది తీసుకున్నవాడు జూన్‌లో ఎండలో నడుస్తాడు. టెక్సాస్‌లో ఏసీ లేకుండా జూలై గడవదు, కరెంటు బిల్లు విడిగా ఉంటే చవక గది చవక కాదు. పోయినేడు జూలై బిల్లు చూపించమని అడగాలి. ఉత్తరాన పాత ఇళ్లలో ఏసీయే ఉండదు. కిటికీ ఏసీ ఉందా, ఉంటే మీకు వదిలి వెళతారా అడగాలి.

పరుపు సంగతి. మే రెండో వారంలో ఏ అపార్ట్‌మెంటు చెత్త తొట్టె దగ్గర చూసినా సోఫాలు, పరుపులు, బల్లలు, సగం వాడిన రైస్ కుక్కర్లు. తెచ్చుకోబుద్ధేస్తుంది. చెక్కవీ ఇనుపవీ తెచ్చుకోండి, గుడ్డవి తాకకండి. నల్లులు. సబ్‌లీజు గదిలో మంచం ఇస్తే మొదటి రోజే ఫోన్ టార్చ్ వేసి పరుపు అంచుల కుట్టు వెంబడి వేలితో పాయ తీసి చూడాలి. నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే పెట్టె తెరవకుండానే ఓనరుకు ఫొటో పంపాలి. మా అమ్మమ్మ నులక మంచాలను ఎండలో వేసి నులక సందుల్లో వేడినీళ్లు పోసేది. ఇక్కడ ఆ వైద్యం లేదు. ఒక్కసారి అంటుకుంటే చలికోటుతో సహా అన్నీ డ్రయ్యర్లో వేడి చెయ్యాలి, లేదా పారెయ్యాలి.

మోసాలకూ వేసవే అదను. దూరాన ఉన్నవాడు, తొందరలో ఉన్నవాడు, ఊరు తెలియనివాడు దొరికేది అప్పుడే. గుర్తులు ఎప్పుడూ అవే: అద్దె మరీ తక్కువ, ఓనరు ఊళ్లో లేడు, తాళం పోస్టులో పంపిస్తానంటాడు, గిఫ్ట్ కార్డులోనో వైర్‌లోనో ముందు డబ్బు అడుగుతాడు. జెల్ లాంటి యాప్‌లో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం. ఇల్లు ఎవరి పేర ఉందో చాలాచోట్ల కౌంటీ ఆస్తి రికార్డులో ఉచితంగా చూడొచ్చు, అయిదు నిమిషాల పని. ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే వీడియో కాల్‌లో తలుపు బయటి నంబరు నుంచి కుళాయి దాకా చూపించమనండి. నిజమైనవాడు విసుక్కుంటాడేమో గానీ కాదనడు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు న్యాయసలహా ఇచ్చే ఆఫీసు, క్యాంపస్ బయటి ఇళ్ల కోసం ఇంకో ఆఫీసు ఉంటాయి. సంతకానికి ముందు లీజు చదివిపెడతారు. ఫీజుల్లో మీరు కట్టే డబ్బుతోనే అవి నడుస్తున్నాయి, మొహమాటపడాల్సింది లేదు. వీసా మీద ఉన్నవాళ్లు చిరునామా మారిన 10 రోజుల్లో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల ఇల్లయినా ఈ నియమం తప్పదు. హాల్లో పేరు లేకుండా ఉండేవాళ్లు చాలామంది తప్పేది ఇక్కడే.

నా ఫిర్యాదు యూనివర్సిటీల మీద. పరాయి రాష్ట్రం పిల్లలు తెచ్చే ఫీజు మీద ఆధారపడిన సంస్థలు, మే రాగానే వాళ్ల తలుపులు మూసి ఆ భవనాల్లో బాస్కెట్‌బాల్ శిబిరాలు పెట్టుకోవడం న్యాయంగా లేదు. అడ్మిషన్ లెటర్‌తో పాటే వేసవి గది ధర, షరతులు రాసి పంపాలి. సబ్‌లీజులు నమోదు చేసుకుని ఓనర్లతో అనుమతి ఇప్పించే పని క్యాంపస్ ఆఫీసు చేపడితే ఈ మోసాల్లో సగం పోతాయి. కాలిఫోర్నియా 2009లో ఒక చట్టం చేసి, తల్లిదండ్రుల దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన విద్యార్థులకు, ఏడాది పొడవునా తెరిచి ఉండే గదుల్లో ముందుగా చోటివ్వాలంది. పోవడానికి ఇల్లు లేని పిల్లలుంటారని ఒక రాష్ట్రం గుర్తించింది. వేల మైళ్ల అవతల ఇల్లున్న పిల్లల సంగతి కూడా ఎవరో ఒకరు గుర్తించాలి.

ఖమ్మం కుర్రాడికి చివరికి దొరికింది. నెలకు 380, కరెంటు విడిగా, ఓనరు ఒప్పుకుంటూ పంపిన ఈమెయిల్‌తో సహా. అతని కాగితం మీద నాలుగో తేదీ మాత్రం కుదరలేదు. సబ్‌లీజు జూలై 31తో అయిపోతుంది, కొత్తది ఆగస్టు 15కి. గోడలకు రంగులేసి బాగుచేయడానికి ఆ రెండు వారాలు ఓనర్లు ఇళ్లు ఖాళీగా పెట్టుకుంటారు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో అది ఒక్క రాత్రే: ఆగస్టు 14 మధ్యాహ్నానికి పాత ఇల్లు వదలాలి, 15న కొత్త తాళం. ఆ రాత్రి అద్దె ట్రక్కుల్లో, గడ్డి మీద సోఫాలేసుకుని పిల్లలు తెల్లవారిస్తారు. మావాడికి పదిహేను రాత్రులు. నాలుగు ఇళ్లలో పంచుకున్నాడు. పుస్తకాల పెట్టెలు ల్యాబ్‌లో, చలికోట్లు మా గరాజ్‌లో. కుక్కర్, కారప్పొడి, వాళ్లమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా మాత్రం ఎక్కడా దింపకుండా బ్యాగులోనే మోసుకు తిరిగాడు. ఆగస్టు 15 పొద్దున ఎనిమిదింటికి లీజింగ్ ఆఫీసు తలుపు ముందు నిలబడి ఫొటో పంపాడు. తాళం చెవి ఇంకా చేతికి రాలేదు, సీసా మాత్రం చంకలో ఉంది.